రక్తపు క్యాన్సరు: దాని పేర్లు

హత్నూర మండలమున బొర్పట్ల, గుండ్లమాచనూరులలో మందుల కర్మాగారములు కలవు. మందులు చేయు చోటనైనను రక్తపు క్యాన్సరను మాట విన్నంతనే ఆయువు తీరినదని తలంచుట మానలేదు. అది పెక్కు రోగములకు ఉమ్మడి పేరు. ఎముకల మూలుగలో పుట్టి నెత్తుట వ్యాపించునది ల్యుకేమియా. మెడ, చంకలలోని బిళ్లలను పట్టునది లింఫోమా. ప్లాస్మా కణములు చెడినచో మైలోమా. ల్యుకేమియా యనగా గ్రీకున తెల్లనెత్తురు. 1847లో జర్మను వైద్యుడు వీర్షో పెట్టిన పేరు.

"అక్యూట్" అనిన ముదిరినదని పలువు రనుకొందురు. వేగముగా పెరుగునదని దాని యర్థము. చికిత్సకు జాగు పనికిరాదు. "క్రానిక్" మెల్లగా నడచునది. "రెమిషన్" ఉపశమనము మాత్రమే. రోగి లేచి తిరుగుచున్నాడని యింటివారు మందు మాన్పించుట మహాపరాధము.

1948లో బోస్టనున ఫార్బరు పండితుడు ల్యుకేమియా బాలురకు అట్టి ఉపశమనము కలిగించిన అమినోప్టెరిన్, భీమవరమున పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారి పరిశోధకబృందము సమకూర్చినదే! దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్ నేటికిని వాడుకలో నున్నది.

బెంజీను ల్యుకేమియా కలిగింపగలదని శాస్త్రజ్ఞులు నిర్ధారించిరి. ద్రావకములతో పనిచేయు కార్మికునకు తాను ముట్టుదాని పేరును, గుణమును తెలుగున తెలుపవలదా? విడువని జ్వరము, తగ్గని నీరసము, చిగుళ్ల నెత్తురు, దెబ్బ తగులకయే కమిలిన మచ్చలు కనబడినచో వెంటనే నెత్తురు పరీక్ష చేయించుకొనవలెను. హైదరాబాదు రెడ్‌హిల్సులో ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సరు వైద్యశాల కలదు.