యాసను చూచి నవ్వుట

గత సంవత్సరము తలిదండ్రుల సమావేశమున ఒక తండ్రిగారు లేచి, తమ కుమారుని ట్యూషనులో తోటి పిల్లలు "గొల్టి" అని పిలుచుచున్నారనియు, ఆ పిల్లవాడిప్పుడు బస్సులో తల్లితో తెలుగు మాటలాడుటకే సిగ్గుపడుచున్నాడనియు చెప్పిరి. తెలుగు అను పేరును తలక్రిందులు చేసి పుట్టించిన మాట యని దానిని గూర్చి చెప్పుకొందురు. చెన్నపట్టణమున పెరిగిన మనలో దానిని విననివారు అరుదు. "వేళాకోళమునకు అన్నదే కదా, పట్టించుకొనకుడు" అని ఆనాడు మేము సమాధానము చెప్పితిమి. ఇంటికి పోయిన పిమ్మట ఆ సమాధానము మాకే రుచింపలేదు. ఇట్టి ప్రశ్ననే అమెరికాలో ఒక తెలుగువారి బిడ్డ లేవదీసెను. అప్పుడేమి జరిగెనో ఈ సంచికలో వివరింప దలచితిమి.

"ది సింప్సన్స్" అనునది 1989 డిసెంబరు నుండి అమెరికాలోని ఫాక్స్ టెలివిజనులో వచ్చుచున్న బొమ్మల హాస్య ధారావాహిక. స్ప్రింగ్‌ఫీల్డ్ అనెడి ఊరిలో హోమర్ సింప్సన్ అను గృహస్థుడు, అతని కుటుంబము, ఇరుగుపొరుగు వారు కథకు ఆధారము. ఆ ఊరిలో చిల్లర దుకాణము నడుపు భారతీయుడు అపు. ఈ పేరును సత్యజిత్ రాయ్ చలనచిత్రములలోని అపు నుండి గైకొనిరి. ఇంటిపేరు మాత్రము నహసపీమపెటిలాన్. మన దేశమున ఏ జిల్లాలోను ఇట్టి ఇంటిపేరు ఉన్నట్లు మేము వినలేదు.

ఈ పాత్రను దుష్టబుద్ధితో కల్పించిరని చెప్పుట న్యాయము కాదు. అపు కంప్యూటరు శాస్త్రమున డాక్టరేటు పొందినవాడు, శాకాహారి, పగలు రాత్రి కష్టపడువాడు. 1994లో వచ్చిన ఒక కథలో, చెడిన మాంసము అమ్మినందుకు ఉద్యోగము పోగొట్టుకొని, ఆ మాంసము తిని జబ్బుపడిన హోమర్ ఇంటికే క్షమాపణకై వచ్చి, అచటనే ఉండి ఆ కుటుంబమునకు ఆప్తుడగును. 1996 నాటి మరియొక కథ వలసదారులను గూర్చినది. అనుమతి లేక నివసించు విదేశీయులను వెడలగొట్టవలెనని ఊరిలో వోటింగు వచ్చును. వీసా గడువు తీరిన అపు దొంగ కాగితములు సంపాదించి, అమెరికావాని వలె టోపీ పెట్టి, వారి యాస పలుకుటకు యత్నించును. పిదప తల్లిదండ్రులను తలచుకొని సిగ్గుపడి, పరీక్ష వ్రాసి న్యాయముగా పౌరసత్వము పొందును. కాలిఫోర్నియా రాష్ట్రమున 1994లో వోటింగుకు వచ్చిన 187వ ప్రతిపాదనను మనసులో నుంచుకొని వ్రాసిన కథ యిది. చూచినవారు మెచ్చుకొనిరి. అపుకు గొంతునిచ్చిన నటుడు హాంక్ అజారియా 1998లో ఆ పాత్రకే ఎమ్మీ బహుమానము పొందెను.

చిక్కు ఆ గొంతులోనే యున్నది. అజారియా భారతీయుడు కాడు. ఆ యాసకు 1968 నాటి "ది పార్టీ" చిత్రమున పీటర్ సెల్లర్స్ అను ఆంగ్ల నటుడు పలికిన భారతీయుని యాస ఆయనకు ఒక ఆధారము. అనగా అది నకలుకు నకలు. హరి కొండబోలు అను హాస్యనటుడు 1982లో న్యూయార్కున, ఆంధ్రదేశము నుండి వలసపోయిన తెలుగు దంపతులకు జన్మించెను. 2012లో ఒక టెలివిజను కార్యక్రమమున ఆయన ఈ విషయమునెత్తి, తన తండ్రిని వెక్కిరించు ఒక తెల్లవానిని మరియొక తెల్లవాడు అనుకరించినట్లున్నదని పరిహసించెను. 2017 నవంబరులో "ది ప్రాబ్లెమ్ విత్ అపు" అను డాక్యుమెంటరీ చిత్రము వెలువరించెను. కల్ పెన్, అజీజ్ అన్సారీ మొదలగు భారతీయ సంతతి నటులు, మునుపు అమెరికా సర్జన్ జనరల్‌గా నుండిన వివేక్ మూర్తి అందు తమ తమ బాల్యానుభవములు చెప్పిరి. అపు దుకాణములో కొనుగోలుదారులను సాగనంపు వాక్యమునే బడిలో తోటి పిల్లలు తమపై విసరెడివారట.

ఇచట ఒక సంగతి గమనింపవలెను. హరి ఆ ధారావాహికను చిన్ననాటి నుండి ప్రేమించి చూచినవాడు. దానిని ఆపివేయుడని గాని, అపును చంపివేయుడని గాని ఆయన కోరలేదు. అమెరికా టెలివిజనులో ఏండ్ల తరబడి భారతీయుడనగా ఈ ఒక్కడే యుండుట ఆయన ఆక్షేపణ. మన చలనచిత్రములలో ఒక తెలుగువాడు వెర్రివాడైనను, వెంటనే మరియొక తెలుగువాడు వకీలుగనో, కథానాయకుడుగనో కానవచ్చును. నవ్వు అచటితో తీరిపోవును. ఒక్కడే యున్నచోట ఆ ఒక్కని యాసయే బడిలోని ప్రతి భారతీయ బాలుని నెత్తిన పడును. ఈ దేశమున నుండి చూచు మనకు అపు వలన నొప్పి కలుగకపోవుటకు కారణము మన సహనము కాదు, మన సంఖ్య.

ధారావాహిక వారు 2018 ఏప్రిలులో ఒక కథయందే సమాధానమిచ్చిరి. ఒకప్పుడు అందరు మెచ్చినది ఇప్పుడు తప్పయిన యెడల ఏమి చేయగలమను ధోరణి అది. హోమర్ కూతురు, బుద్ధిమంతురాలైన లీసా నోటనే దానిని పలికించిరి. అనేక విమర్శకులకు ఇది నచ్చలేదు; మాకును నచ్చలేదు. చర్చను తప్పించుకొనుటకు బాలిక నడ్డుపెట్టుకొనుట పెద్దమనిషి తరహా కాదు. అజారియా మాత్రము అదే నెలలో తన కనులు తెరువబడినవని ఒప్పుకొని, 2020 జనవరిలో ఇక అపుకు గొంతునీయనని ప్రకటించెను. 2021లో మరల క్షమాపణ చెప్పుచు ఒక ఉదంతము తెలిపెను. తన కుమారుని పాఠశాలలో భారతీయ విద్యార్థులతో మాటలాడగా, పదునేడేండ్ల బాలుడొకడు, ఆ ధారావాహికను ఎన్నడును చూడనివాడు, అపు అను పేరు మాత్రము తనకు తెలియుననియు, అది తిట్టుగా మారినదనియు కన్నీటితో చెప్పెనట.

"గొల్టి" అను మాట ఇంతటి గాయము చేయునా యని కొందరు అడుగవచ్చును. చేయదనియే మా అభిప్రాయము. మన పిల్లలకు తెలుగు చిత్రములున్నవి, తెలుగు బంధువులున్నారు, ఎక్కిన రైలు గూడూరు దాటగనే అందరును తెలుగువారే. అయినను పండ్రెండేండ్ల పిల్లవానికి బస్సులో ఈ లెక్క తోచదు. ఆ తండ్రిగారికి మేము చెప్పిన సమాధానమందలి లోపమదియే.

రెండవ లోపము మా పాఠశాలలోనే యున్నది. మొన్నటి వార్షికోత్సవమునకు తొమ్మిదవ తరగతి బాలురు ఒక హాస్య నాటిక సిద్ధపరచిరి. అందులో వడ్డీ వ్యాపారము చేయు సేఠు "నంబళ్‌కీ, నింబళ్‌కీ" అని మాటలాడును. తమిళ చిత్రములలోను తెలుగు చిత్రములలోను మనమందరము విని నవ్విన భాషయే అది. అభ్యాసము చూచుచు మేమును నవ్వితిమి. బిల్లు సొమ్ముకై వచ్చిన నోటు పుస్తకముల మార్వాడీ వర్తకుడు గుమ్మము కడ నిలిచియుండుట పిదప కనబడెను. ఆయన తాతగారి నాటి నుండి ఈ జార్జి టౌనులోనే యున్న కుటుంబము. తమిళము మాకన్న చక్కగా పలుకును; మాతో తెలుగే మాటలాడును. ఆయనయు నవ్వెను. అది ఎట్టి నవ్వో మేము పోల్చుకొనలేకపోతిమి. అడుగుటకు నోరు రాలేదు. నాటిక యథాతథముగా ప్రదర్శింపబడెను, చప్పట్లును మ్రోగెను. "అరవ అధ్వాన్నము" అని ఇండ్లలో మనము తేలికగా అనునట్టి మాటయు అప్పుడే జ్ఞాపకము వచ్చెను.

ఈ యేడు ఆ బాలురే మరల నాటిక వ్రాయుచున్నారు. అపు కథను వారికి చెప్పితిమి. సేఠు పాత్రను తీసివేయుదుమా యని ఒకడడిగెను. తీసివేయనక్కరలేదనియు, ఆ వర్తకుని దుకాణమునకు పోయి ఒక సాయంత్రము కూర్చుండి, ఆయన ఎట్లు మాటలాడునో విని రండనియు చెప్పితిమి. పోయి వచ్చిరి. అచట అందరికన్న ఎక్కువ నవ్వించినది బేరమాడుటకు వచ్చిన మన తెలుగు ఉపాధ్యాయుడొకరట. ఎవరో చెప్పుటకు నిరాకరించుచున్నారు. నాటిక ప్రస్తుతము రెండవ రంగము కడ ఆగియున్నది.