డిమెన్షియాలో సామాజిక నియమాల అవగాహన – మదింపు

డిమెన్షియా అనగానే మీకు మతిమరుపే గుర్తుకురావచ్చు. అయితే ఫ్రాంటోటెంపోరల్ డిమెన్షియాలోని ప్రవర్తనా రకంలో తరచు జ్ఞాపకశక్తి కంటే ముందే ప్రవర్తన మారుతుంది. పరామర్శకు వెళ్లినచోట పెద్దగా నవ్వే వ్యక్తిని బంధువులు సిగ్గులేనివాడంటారు. అది జబ్బని అనుకోరు.

దీనిని పరిశీలించడానికి అమెరికాలో రూపొందించిన సామాజిక నియమాల ప్రశ్నావళిలో 22 అంశాలున్నాయి. బాగా దగ్గరివారు కాని మనుషుల ముందు ఫలానా పని చేయవచ్చా అని అడిగి, 'అవును' లేదా 'కాదు' అనే జవాబు తీసుకొంటారు. తప్పులు రెండు విధాలు:

1. ఉల్లంఘన దోషం: చేయకూడనిదాన్ని చేయవచ్చనడం.
2. అతినియమ దోషం: చేయదగినదాన్ని కూడదనడం.

ఇక్కడ రెండు జాగ్రత్తలు అవసరం. మొదటిది, నియమాలు సమాజాన్నిబట్టి మారతాయి. కొత్తవారిని జీతమెంతని అడగడం అమెరికాలో అమర్యాద. మన రైలు ప్రయాణాల్లో మామూలే. కాబట్టి ప్రశ్నలను అనువదిస్తే చాలదు, మన సమాజానికి తగినట్లు మార్చి సరిచూడాలి. రెండవది, నియమం తెలియడం వేరు, పాటించడం వేరు. అన్నిటికీ సరైన జవాబు చెప్పిన వ్యక్తి కూడా బయట అదే తప్పు చేయవచ్చు. అందువల్ల ఇంట్లోవారిని కూడా విడిగా అడిగి తెలుసుకోవాలి.

మీ ప్రగతిని సమీక్షించుకోండి: ప్రశ్నావళిలో మంచి మార్కులు వచ్చినంత మాత్రాన జబ్బు లేదని ఎందుకు చెప్పలేం?