తాళాల గుత్తిలో పనివాడు

స్క్రూడ్రైవరు లేని ఇల్లు ఉండదు. కావలసిన వేళకు అది కనబడే ఇల్లూ ఉండదు. కె.గంగవరంలో మా ఇల్లూ అంతే. పనిముట్ల పెట్టె అటకమీద, నిచ్చెన పక్కవాళ్ళ ఇంట్లో, ఊడిన మరమేకు మా అత్తగారి కళ్ళజోడుది!

ఇటువంటి వేళ ఆదుకునేది నా తాళాల గుత్తికి వేలాడే బొటనవేలంత పనిముట్టు. కోటిపల్లి శివరాత్రి తీర్థంలో 120 రూపాయలకు కొన్నాను. మడిచే చాకు, బుల్లి కత్తెర, ఆకురాయి, స్క్రూడ్రైవరు, సీసా మూత తీసే కొక్కెం. ఇదీ దాని సంసారం. "ఏమండీ, ఈ ఆటబొమ్మకు అంత డబ్బు పోశారా?" అంది మా ఆవిడ.

ఆలోచన మాత్రం కొత్తది కాదు. ముల్లు తీసే శ్రావణాన్ని మొలతాడుకు కట్టుకు తిరిగినవాళ్ళు మన తాతలు. స్విట్జర్లాండులో కార్ల్ ఎల్సెనర్ అనే ఆయన చాకు, మరచుట్టు, చిన్న చాకు వగైరాలన్నీ ఒకే పిడిలో ఇమిడ్చి 1897లో నమోదు చేయించాడు. తరువాత 1975లో టిమ్ లెదర్‌మన్ అనే అమెరికా వాడు పాత కారులో యూరపు తిరుగుతూ, జేబులోని చాకుకు పట్టకారు కూడా ఉంటే ఎంత బాగుండునో అనుకున్నాడట. ఆ కోరిక వస్తువై బజారుకు రావడానికి 1983 దాకా పట్టింది. మన తీర్థాల్లో దొరికే చవక సరుకంతా ఈ ఇద్దరి వంశమే అనుకోండి.

ఇక కళ్ళజోడు సంగతి. మా అత్తగారికి రోజుకు నాలుగు రకాల మాత్రలు. రెండింటి రంగూ సైజూ ఒకటే. అట్టమీద పేరు చదువుకుని గాని వేసుకోదు. ఒక రాత్రి జోడు కాడ ఊడి చేతికొచ్చింది. రామచంద్రపురం వెళ్ళి బాగుచేయించాలంటే తెల్లవారాలి. "ఫరవాలేదు అల్లుడూ, ఆనవాలు పట్టి వేసుకుంటాలే" అంది ఆవిడ. ఆ మాటే నాకు భయం వేసింది. మరమేకు దుప్పటి మడతలో దొరికింది. చవక పనిముట్లలో స్క్రూడ్రైవరు మొన కళ్ళజోడు మరకు లావు. అందుకని కొన్న కొత్తలోనే దాని కొసను నూరుడురాతిమీద సన్నగా అరగదీసి ఉంచాను. రెండు తిప్పులతో కాడ బిగిసింది. మర మళ్ళీ వదులు కాకుండా మా అమ్మాయి గోళ్ళరంగు ఒక చుక్క దాని నెత్తిన పెట్టాం. ఆవిడ అట్ట తిప్పి పేరు చదివి, మాత్ర వేసుకుని పడుకుంది.

పార్సెళ్ళు విప్పడం, గుండీ దారం తెంపడం వంటివి చెప్పనక్కరలేదు. కాని ఒక్క పనికి మాత్రం దీన్ని వాడనివ్వను. అది స్విచ్చిబోర్డు. కరెంటువాళ్ళ స్క్రూడ్రైవరుకు పిడి దళసరి ప్లాస్టిక్కు. దీని ఒళ్ళంతా ఇనుమే. బోర్డులో 230 వోల్టులు. పైగా ఇన్వర్టరు ఉన్న ఇళ్ళలో, వీధిలో దీపాలు పోయినా బోర్డులో ప్రాణం ఉంటుంది. మా మనవడు ఉత్సాహంగా ప్లగ్గు విప్పబోతే గుత్తి లాక్కున్నాను. వాడు మూడు రోజులు నాతో మాట్లాడలేదు. మాట్లాడకపోతే పోయె!

కొనేటప్పుడు అన్ని అలుగులూ తెరిచి ఆడించి చూడండి. మేకు దగ్గర కదిలితే తిరిగి ఇచ్చేయండి. వీటి చాకుకు తెరిచాక నిలబెట్టే తాళం సాధారణంగా ఉండదు. గట్టిగా పొడిస్తే వెనక్కి మడిచి వేళ్ళనే కోస్తుంది. పిల్లల చేతికి ఇవ్వరాదు.

గోదావరి గాలికి తుప్పు తొందరగా పడుతుంది. మన సీమలో కొబ్బరినూనెకు కొదవ లేదు గాని, అది సుమారు 24 డిగ్రీలకే గడ్డకడుతుంది. ధనుర్మాసపు ఉదయాన కత్తెర తెరుచుకోదు. కుట్టుమిషను నూనె ఒక చుక్క చాలు.

విమానం ఎక్కే అబ్బాయిలు మధురపూడి చేరకముందే దీన్ని గుత్తినుంచి ఊడదీసి సామానులో వేసే పెద్దపెట్టెలో పెట్టాలి. చేతిసంచీలో దొరికితే తనిఖీవారు తీసేసుకుంటారు. తాళాలు మీవి, పనివాడు వాళ్ళవాడు!