రంగూను నగర దర్శనం: గైడు చూపని రేవు

మన ప్రాంతంలో వృద్ధుల నోట "రంగం" అనే మాట విననివారు అరుదు. "వాళ్ళ తాత రంగం వెళ్ళాడు", "ఆ ఇల్లు రంగం డబ్బుతో కట్టినది" అని శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెలలో చెప్పుకోవడం కద్దు. ఈ రంగం రంగస్థలమూ కాదు, యుద్ధరంగమూ కాదు. బర్మా దేశపు రేవుపట్టణమైన రంగూను. 1989 నుండి దాని అధికార నామం యాంగోన్. మన పెద్దల నాలుకకు అలవాటైన పేరే నాకూ ఇష్టం గనుక ఈ వ్యాసంలో రంగూను అనే వ్రాస్తున్నాను.

యాత్రికులకై వ్రాసిన గ్రంథాలు ఈ నగరాన్ని అనేక జాతుల, అనేక మతాల సంగమంగా వర్ణిస్తాయి. ఆ వర్ణన అసత్యం కాదు. కాని అందులో మనవారు కనిపించరు. నగరాన్ని చూపే గైడు వర్తకులు కట్టించిన మందిరాలను చూపుతాడు, పాలకులు కట్టించిన మేడలను చూపుతాడు. బస్తాలు మోసినవాడు ఏ కట్టడమూ కట్టించలేదు. అందువలన రంగూను చూడదలచిన మన విద్యార్థి రెండు నగరాలను చూడవలసి ఉంటుంది.

మొదటిది కంటికి కనిపించే నగరం. 1852లో జరిగిన రెండవ ఆంగ్లో-బర్మా యుద్ధంలో రంగూను ఆంగ్లేయుల వశమైనది. వారు సూలే పగోడాను నడుమ నిలిపి, నదికి సమాంతరంగానూ అడ్డంగానూ చదరంగపు బల్లవలె తిన్నని వీధులు తీర్చినారు. నేటికీ సూలే పగోడా ముందు నిలిచిన యాత్రికునికి ఒకే చూపులో బంగారు స్తూపం, బెంగాలీ సున్నీ జామే మసీదు, ఇమ్మానుయేల్ బాప్టిస్టు చర్చి, నగరసభా భవనం కనిపిస్తాయి. అక్కడినుండి పడమరకు కొద్ది దూరం నడిస్తే పూర్వపు మొఘల్ వీధి; ఇప్పుడు దాని పేరు ష్వే బొంథా వీధి. సూరతు వర్తకుల సున్నీ మసీదు ఆ వీధిలోనిదే; మొఘల్ షియా మసీదు కూడ ఆ ప్రాంతంలోనిదే. సమీపాన ఇరవైయారవ వీధిలో బాగ్దాదు నుండి వచ్చిన యూదులు 1890 దశకంలో కట్టుకున్న ప్రార్థనామందిరం ఉన్నది. ఒకప్పుడు వేలలో ఉన్న యూదులు నేడు వ్రేళ్ళపై లెక్కించదగినంత మందే మిగిలినారు. కాళికాలయం, చీనా దేవాలయాలు, ఆర్మీనియనుల చర్చి కూడ నడకదూరంలోనే ఉన్నాయి.

ఉత్తరాన గుట్టమీద ష్వేడగాన్ పగోడా వెలుగుతూ ఉంటుంది. ఎత్తు ఇంచుమించు 326 అడుగులు. అక్కడ చెప్పులే కాదు, మేజోళ్ళు కూడ విడిచి పోవాలి. మనకిది వింత కాదు. కాని ఆంగ్ల ప్రభువులు బూట్లతోనే తిరుగుతామని పట్టుబట్టగా బర్మీయులు 1919 వరకు పోరాడవలసి వచ్చినది.

ష్వేడగానుకు దగ్గరలోనే మన కళాశాలలోని ఉర్దూ విద్యార్థులు తప్పక చూడవలసిన స్థలమున్నది: బహదూర్ షా జఫర్ సమాధి. 1857 తిరుగుబాటు అణగిన పిదప ఆంగ్లేయులు ఈ వృద్ధ చక్రవర్తిని 1858లో రంగూనుకు ప్రవాసం పంపినారు. 1862 నవంబరు 7న తన 87వ ఏట ఆయన కన్నుమూయగా, ఆనాడే పాతిపెట్టి, సమాధి గుర్తు తెలియకుండ నేలను చదును చేసినారు. ఆయన గజళ్ళు మాత్రం చదును కాలేదు. (ఆయన పేరిట ప్రచారంలో ఉన్నవన్నీ ఆయనవి కావని పండితులంటారు, అది వేరే చర్చ.) 1943లో నేతాజీ సుభాష్ చంద్రబోస్ అక్కడ శ్రద్ధాంజలి ఘటించినారు. 1991లో త్రవ్వకం పనులలో అసలు సమాధి ఇటుకల అరతో బయటపడినది. విధి వైపరీత్యమేమంటే, 1885లో పదవీచ్యుతుడైన బర్మా చివరి రాజు థీబాను ఆంగ్లేయులు మన దేశంలోని రత్నగిరికి పంపినారు. ఆయన 1916లో అక్కడనే మరణించినాడు. ఇద్దరు రాజులూ పరస్పరం ఒకరి దేశపు మట్టిలో ఒకరు కలిసిపోయినారు.

ఇక రెండవ నగరం. దానికై నది ఒడ్డున స్ట్రాండ్ రోడ్డుకు రావాలి. ఆ రేవులలో ఓడలకెక్కిన బియ్యం బస్తాలలో అధికభాగం తెలుగు కూలీల వీపులమీదుగా పోయినది. గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల మనిషిని అక్కడ "కోరంగి" అనేవారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరే జాతి పేరై, కాలక్రమాన ఈసడింపు మాటగా మారినది. మేస్త్రీ పల్లెకు వచ్చి బయానా ఇచ్చేవాడు. ఆ బాకీ తీరేదాక కూలీ అతని చేతిలోనివాడే. బారువ, కళింగపట్నం, భీమునిపట్నం వంటి చోట్ల స్టీమరు ఒడ్డుకు రాలేక దూరాన నిలిచేది. అలలమీద పడవలలో పోయి దాని నెక్కాలి. పైకప్పు మీదనే పడక. అవతల దిగినవారు రేవులలో, బియ్యపు మిల్లులలో, రంపపు మిల్లులలో పనిచేసినారు, రిక్షాలు లాగినారు. ఆడవారు అతిస్వల్పం. ఇరుకు గదులలో ఒకరిపై ఒకరు పడుకొని, రూపాయి రూపాయి కూర్చి ఇంటికి పంపినారు.

1931 జనాభా లెక్కల ప్రకారం రంగూనులో ఇంచుమించు నాలుగు లక్షల జనముండగా వారిలో సగానికి పైగా భారతీయులే. వీధిలో చెల్లిన భాష హిందుస్తానీ. బర్మీయుడు తన రాజధానిలో తానే బేరమాడడానికి ఆ భాష నేర్వవలసి వచ్చినది. గరివిడి పరిసరాల పల్లెటూరివాడు కూడ అక్కడ హిందుస్తానీ ముక్కలు నేర్చుకొని వచ్చినాడు. తెలుగూ ఉర్దూ ప్రక్కప్రక్కన చదివే మనం ఈ సంగతి గమనింపదగినది.

బర్మాలో అధికారిగా పనిచేసిన ఫర్నివాల్ అనే పండితుడు ఈ రకపు నగరానికి "బహుళ సమాజం" అని పేరు పెట్టినాడు. జనులు అంగడిలో కలుస్తారు గాని అంతకుమించి కలియరని ఆయన భావం. సూలే పగోడా చుట్టూ గోపురాలు, మినారులు ఒక్కచోట చేరినవని మురిసే యాత్రికుడు 1930 మే నెలను కూడ తెలిసికొనడం మంచిది. ఆ నెలలో తెలుగు రేవు కూలీలు కూలి పెంపు కోరి సమ్మె చేసినారు. యజమానులు బర్మీయులను పనిలోకి తెచ్చినారు. సమ్మె పరిష్కారం కాగానే వారిని పొమ్మన్నారు. మే 26న పనికై వచ్చిన బర్మీయులకూ, తిరిగి చేరిన తెలుగువారికీ రేవులో ఘర్షణ రేగి నగరమంతా వ్యాపించినది. చనిపోయినవారు వందకు పైగా. వారిలో అధికులు మనవారే. తప్పు ఎవరిదని నన్నడిగితే ఆకలితో వచ్చిన ఆ ఇరువర్గాలను నేను పేర్కొనను. ఒకే పనిని ఇద్దరికి చూపి, చౌకగా వచ్చినవానిని ఉంచుకొన్న లెక్కల పుస్తకాన్ని చూపుతాను.

1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూనుపై బాంబులు కురిపించినవి. రేవు ఒక్కనాటిలో ఖాళీ అయినది. ఓడలో చోటు దొరకని లక్షలాది భారతీయులు అరకాను కొండలమీదుగా, అస్సాము అడవులమీదుగా నడచి బయలుదేరినారు. కలరాతో, అలసటతో దారిలో పడిపోయిన వారి పేర్లు ఏ శిలపైనా లేవు. 1962లో సైనిక ప్రభుత్వం వచ్చి దుకాణాలు, వ్యాపారాలు జాతీయం చేసిన పిదప మిగిలినవారిలో అనేకులు ఓడలెక్కి మరలి వచ్చినారు. విశాఖపట్నంలో కంచరపాలెం వైపు నేటికీ "బర్మా క్యాంపు" అనే పేటను ఆ పేరుతోనే పిలుస్తారు. అందరూ రాలేదు, బర్మాలో ఇప్పటికీ తెలుగు కుటుంబాలున్నాయి.

2021లో సైన్యం తిరిగి అధికారం చేజిక్కించుకొన్న నాటినుండి అక్కడి ప్రయాణం సులభసాధ్యం కాదు. వీలైననాడు పోయినవారు ష్వేడగానును ఉదయమే చూచి, ఎండ తగ్గిన తరువాత పాన్సోడాన్ రేవుకు రండి. అవతలి ఒడ్డున దలా అనే ఊరికి పడవలు పోతూ వస్తూ ఉంటాయి. గైడు అక్కడ చెప్పేదేమీ ఉండదు. బురద రంగు నీరు దక్షిణంగా ప్రవహించి సముద్రంలో కలుస్తుంది. ఆ సముద్రానికి ఈ ఒడ్డున భీమునిపట్నం ఉన్నది.