చిన్నారి అడుగుజాడ

శ్రావణ బహుళాష్టమినాడు అనేక తెలుగిండ్లలో వీధిగుమ్మం మొదలు దేవుని పీటదాకా చిన్నచిన్న పాదాలు కనిపిస్తాయి. వాటిని వేసినది పిల్లవాడు కాదు, ఇల్లాలు. పిడికిలి బిగించి, చిటికెనవ్రేలి ప్రక్కను బియ్యపుపిండి నీటిలో ముంచి నేలకద్దితే పాదం ఏర్పడుతుంది. వ్రేలికొసతో ఐదు చుక్కలు పెడితే వ్రేళ్లవుతాయి. బాలకృష్ణుడు నడచి రావడం ఎవరూ చూడలేదు. అయినా జాడ ఉన్నది గనుక వచ్చినాడనే తలుస్తారు. అడుగుజాడకు గల శక్తి అటువంటిది. మనిషి కంటికి కనిపించకపోయినా, ఇక్కడ ఉండినాడని అది సాక్ష్యం పలుకుతుంది.

పసిబిడ్డ చేతిని, పాదాన్ని మట్టిలో అద్ది అచ్చుతీసి దాచుకొనడం ఈనాడు వేడుకగా మారినది. కాని ఈ కోరిక ఈనాటిది కాదు. జపాను దేశపు ఉత్తరద్వీపమైన హొక్కైడోలో కాకినోషిమా అనే చోట, జోమోను యుగపు సమాధులలో సుమారు 6,500 ఏండ్ల నాటి మట్టిపలకలు దొరికినవి. వాటిపై చిన్నపిల్లల పాదముద్రలున్నవి. పచ్చిమట్టిపై బిడ్డ కాలు నొక్కి, ఆ పలకను కాల్చినారు. త్రాడు దూర్చడానికి రంధ్రాలు కూడ చేసినారు. బిడ్డ చనిపోగా ఆ ముద్రను ఇంటిలో వ్రేలాడగట్టుకొని, తల్లియో తండ్రియో కన్నుమూసినప్పుడు వారితోనే పూడ్చి ఉందురని కొందరు పరిశోధకుల ఊహ. ఆ ప్రజలకు లిపి లేదు. ఆ బిడ్డ పేరేమో తెలియదు. పాదం కొలత మాత్రం మిగిలినది.

బిడ్డను పోగొట్టుకొన్నవారికే కాదు, బిడ్డ చల్లగా పెరుగుతున్నవారికి కూడ ఈ బెంగ తప్పదు. పెరిగే బిడ్డలో పసితనం దినదినం కరిగిపోతుంది. ఇంగ్లండు రాణి విక్టోరియా తన పసిబిడ్డల చేతులకు, కాళ్లకు అచ్చులు తీయించి, వాటిని పాలరాతిలో చెక్కించుకొన్నది. వైట్ ద్వీపంలోని ఆస్బర్న్ భవనంలో అవి నేటికీ ఉన్నవి. ఆమె సంతానంలో ఒకరు ఇంగ్లండుకు రాజు, ఒకరు జర్మనీకి సామ్రాజ్ఞి అయినారు. పాలరాతి చేతులు మాత్రం పెరగలేదు.

ఇంటిలో అచ్చు తీయడం కష్టమేమీ కాదు. బిడ్డ పాలు త్రాగి గాఢంగా నిద్రించేవేళ చేయి వదులుగా ఉంటుంది. అప్పుడు మెత్తని మట్టిముద్దపై అరచేతిని మెల్లగా అద్ది తీసి, చేతిని శుభ్రంగా కడగాలి. తరువాత ఆ గుంటలో ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోస్తే అచ్చు వస్తుంది. అయితే ప్లాస్టరులో చేతిని ఎన్నడూ ఉంచరాదు. జిప్సమును వేడిచేసి, అందలి నీటిని చాలవరకు పోగొట్టగా వచ్చిన పొడి అది. మరల నీరు కలిపినప్పుడు గట్టిపడుతూ వేడిని వెలువరిస్తుంది. 2007లో ఇంగ్లండులో ఒక పాఠశాల విద్యార్థిని తన చేతులను ప్లాస్టరులో ఉంచి, కాలిన గాయాలవలన వ్రేళ్లను పోగొట్టుకొన్నది. తరగతిలో ఈ పని చేయించే ఉపాధ్యాయులు దీనిని మరువరాదు.

అచ్చు చక్కగా కుదిరితే అందులో సన్నని రేఖలు కూడ కనిపించవచ్చు. వ్రేలికొసలందలి ఈ రేఖలు తల్లికడుపులోనే ఏర్పడతాయి. అవి జీవితాంతం నిలుస్తాయని 1892లో ఫ్రాన్సిస్ గాల్టన్ తన గ్రంథంలో ఆధారాలతో చూపినాడు. చేయి పెరిగినకొద్దీ రేఖల నడిమి ఎడం పెరుగుతుంది. వాటి అల్లిక మాత్రం మారదు. మనం దాచుకొన్న ముద్రలో మరల రాని కొలత ఒకటి, ఎన్నటికీ చెరగని వ్రాత ఒకటి కలిసి ఉన్నవి.

ఇరువది ఏండ్ల తరువాత ఆ బిడ్డ తన చేతిని అచ్చుప్రక్కన పెట్టి, ఇంత చిన్నది నాదేనా అని నవ్వుతాడు. పరిశోధకుల ఊహయే నిజమైతే, కాకినోషిమా తల్లికి ఆ మాట వినే భాగ్యం కలుగలేదు. అందుకే కాబోలు, ఆమె ఆ పలకను తనతోనే తీసికొని పోయినది.