మల్కిభరాముడి పరదేశ వాసం

ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు పేరు వినని వారు రంగారెడ్డి జిల్లాలో ఉండరు. గోల్కొండను 1550 నుంచి 1580 వరకు ఏలిన ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో ఈ చెరువు కట్టారని, ఊరికి ఆయన పేరే వచ్చిందని చెబుతారు. అయితే ఆ రాజు గద్దెనెక్కక ముందు ఏడేళ్లు పరాయి రాజ్యంలో తలదాచుకున్నాడన్న సంగతి మనలో ఎందరికి తెలుసు?

1543లో ఆయన తండ్రి సుల్తాన్ కులీ హత్యకు గురయ్యాడు. దాని వెనుక ఉన్నది సొంత అన్న జంషీద్. ప్రాణభయంతో దేవరకొండ నుంచి బయలుదేరిన ఇబ్రహీం బీదరు మీదుగా విజయనగరం చేరాడు. మతం వేరు, ఆచారాలు వేరు. అయినా అళియ రామరాయలు అతణ్ణి అతిథిగా ఆదరించాడు. ఆ ఏడేళ్లలో ఇబ్రహీం అక్కడి వారితో కలిసి మెలిసి బతికాడు. తెలుగు మీద మక్కువ పెంచుకున్నాడు.

1550లో జంషీద్ మరణించాక గోల్కొండకు తిరిగొచ్చి రాజయ్యాడు. తెలుగు కవులు ఆయన్ను ‘మల్కిభరాముడు’ అని పిలుచుకున్నారు. అద్దంకి గంగాధర కవి తన ‘తపతీ సంవరణోపాఖ్యానం’ ఆయనకే అంకితమిచ్చాడు. ఆయన అధికారి అమీన్ ఖాన్‌కు పొన్నగంటి తెలగనార్యుడు ‘యయాతి చరిత్ర’ను అంకితం చేశాడు. అది తొలి అచ్చతెలుగు కావ్యం.

ఈ కథలో చేదు కూడా ఉంది. 1565 యుద్ధంలో ఇబ్రహీం తోటి దక్కను సుల్తానులతో చేరి రామరాయల మీదికే వెళ్లాడు. రామరాయలు ఆ యుద్ధంలోనే మరణించాడు. రాజకీయం ఉప్పు తిన్న ఇంటిని మరిపించింది. కానీ గోల్కొండలో తెలుగుకు దక్కిన ఆదరణ ఆగలేదు. తరువాతి కుతుబ్ షాహీల ఫర్మానాలు పారశీకంతో పాటు తెలుగులోనూ వెలువడ్డాయి.

మానవులను జాతులుగా, తెగలుగా చేసింది పరస్పర పరిచయం కోసమేనన్న బోధ ఖుర్ఆన్‌లోని అల్ హుజురాత్ సూరా 13వ వాక్యంలో ఉంది. దైవప్రవక్త (స) సహచరులు కొందరు క్రీ.శ. 615 ప్రాంతంలో అబిసీనియాకు వలస వెళ్లి, క్రైస్తవ రాజు నజాషీ నీడలో ఏళ్ల తరబడి గడిపారు.

నేడు మన పిల్లలు చదువుకో, కొలువుకో దేశాలు దాటుతున్నారు. పెద్దలు ఉమ్రాకు వెళ్తున్నారు. కానీ చాలామంది మనవారి గదిలో ఉండి, మన వంటే తిని, సామాన్లతో తిరిగొస్తారు. పక్క గదిలోని ఇండోనేషియా కుటుంబానికి సలాం చెప్పి, వారి పిల్లల పేర్లు అడిగితే పోయేదేముంది? పనిచేసే చోట నాలుగు మాటలు వారి భాషలో నేర్చుకుంటే, వారు పిలిచినప్పుడు ఇంటికెళ్లి ఒక ముద్ద తింటే ఆ దేశం మనకు తెలిసినట్టు.

పొట్ట చేతపట్టుకుని మన ఊళ్లకూ పరాయి రాష్ట్రాల కూలీలు వస్తున్నారు. అతిథిని గౌరవించడం విశ్వాసంలో భాగమని ప్రవక్త (స) బోధించారు. ఈ జుమాకు మన సఫ్‌లో పక్కన నిలబడిన కొత్త ముఖాన్ని ‘ఏ ఊరు భాయ్?’ అని పలకరిద్దాం.