ధరల పోలిక వెనకున్న ప్రొఫెసర్లు

నాలుగు సైట్లలో రేటు చూడకుండా ఫోన్ ఆర్డర్ పెట్టేవాళ్లు మనలో ఎవరుంటారు చెప్పండి? ఆ పనికే బీటెక్‌లో నేనూ ఒక పైథాన్ స్క్రాపర్ రాసుకున్నా. సరిగ్గా సేల్ ముందు రోజు రాత్రి సైట్ డిజైన్ మారిపోయింది. నా స్క్రిప్ట్ ధర బదులు ఈఎంఐ చూపించింది. నేనేమో అది ఆఫర్ అనుకుని తెగ సంబరపడ్డా!

ఈ తలనొప్పికి 1997లోనే మందు వెతికారు. అమెరికాలోని వాషింగ్టన్ యూనివర్సిటీలో నికోలస్ కుష్మెరిక్ పీహెచ్‌డీ దీని మీదే. ప్రతి సైట్‌కీ మనం కోడ్ రాయక్కర్లేదు, కొన్ని పేజీల్లో డేటా ఎక్కడుందో చూపిస్తే రూల్ ప్రోగ్రామే నేర్చుకుంటుంది. దీన్నే ర్యాపర్ ఇండక్షన్ అంటారు.

అదే డిపార్ట్‌మెంట్‌లో ఏఐ ప్రొఫెసర్‌గా పనిచేసిన ఓరెన్ ఎట్జియోని కెరీర్ నాకింకా ఇష్టం. ఒక కాలు ల్యాబ్‌లో, ఒక కాలు స్టార్టప్‌లో. ధరలు పోల్చే నెట్‌బాట్ వ్యవస్థాపకుల్లో ఆయనొకరు, దాన్ని 1997లో ఎక్సైట్ కొనేసింది. తర్వాత విమాన టికెట్ల మీద పడ్డారు. 41 రోజుల పాటు 12,000కి పైగా రేట్లు వెబ్ నుంచి లాగి, ఇప్పుడే కొనాలా, ఆగాలా చెప్పే పద్ధతిని సహచరులతో కలిసి 2003లో పేపర్‌గా వేశారు. అదే ఫేర్‌కాస్ట్ కంపెనీ అయింది, 2008లో మైక్రోసాఫ్ట్ చేతికెళ్లింది.

నా స్క్రిప్ట్‌కి కూడా ఇప్పుడు పది పేజీలు ఉదాహరణలుగా ఇచ్చి నేర్పిస్తున్నా. ఈఎంఐ మాత్రం ఇంకా అప్పుడప్పుడు దూరిపోతోంది.